అరగకుండా దాచిన ఎముకలు

నేను వ్యాయామమని మెట్లెక్కబట్టే చెయ్యి విరిగిందని మా వాళ్లంతా చెబుతారు. అబద్ధం. మణికట్టు విరిగేనాటికి నేను మెట్లెక్కడం మానేసి చాలా కాలమైంది. పటమటలో మా ఇంటి హాల్లోనే, సోఫాలోంచి లేచి తలుపు తీయబోతూ గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా తట్టుకుని పడ్డాను. చెయ్యి ఆన్చానంతే. అంతమాత్రానికే విరుగుతుందా అని కంకిపాడు నుంచి చూడ్డానికొచ్చిన మా అత్తగారు నమ్మలేదు. ఏదో బరువెత్తే ఉంటానని తేల్చేశారు.

నాకున్నది రుమటాయిడ్ కీళ్లవాతం. వయసుతో వచ్చే అరుగుదల కాదు, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే జబ్బు. ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. మా ఆయనది ఆటోనగర్లో బేరింగుల షాపు. ఏ బేరింగైనా తిరిగేకొద్దీ అరుగుతుంది గనక నన్ను తిరగనివ్వకపోవడమే వైద్యమనుకున్నారు. నీళ్ల బిందె ముట్టుకోనివ్వలేదు, డాబా మీద బట్టలారేయనివ్వలేదు. చుట్టాలంతా ఎంత బాగా చూసుకుంటున్నాడో అని మెచ్చుకునేవారు. ఇక నేనెవరితో వాదించను?

కట్టు విప్పాక ఎముకల సాంద్రత పరీక్ష చేశారు. వెన్నూ తుంటీ బాగా పలచబడ్డాయట. జబ్బు, ఏళ్లుగా వేసుకుంటున్న స్టెరాయిడ్లు, కదలకపోవడం, మూడూ కలిసి చేసిన పనన్నారు డాక్టరుగారు. మందులతో పాటు ఫిజియో చూపించినట్టు మెల్లగా మెట్లెక్కమన్నారు. నడుం వంచి మాత్రం ఏదీ ఎత్తొద్దన్నారు.

"ఇంకా అరిగిపోవాండీ?" అని డాక్టరుగారిని అడిగారు మా ఆయన.

"మీ బేరింగు తనను తాను బాగుచేసుకోదండీ. ఎముక చేసుకుంటుంది, పని చెబితే," అన్నాను నేనే.

డాక్టరుగారు అవునన్నారు. ఇన్నేళ్ల వాదన గెలిచినదాన్ని, ఇంటికొచ్చి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. రెయిలింగు మీద అరచెయ్యి చెమటకి జారుతోంది. వెనక ఆయన, లారీలోంచి సరుకందుకునేవాడిలా రెండు చేతులూ చాచి నిలబడ్డారు.

"మీరలా నిలబడితే పడతానేమోనని నాకే అనిపిస్తోంది. పక్కకి రండి."

"పడితే?"

"పడ్డప్పుడు చూద్దాం."

ఎక్కాను. ఇప్పటికీ ఎక్కుతున్నాను, భయం పోయి కాదు. వెన్నుపూస నలిగినా ఒక్కోసారి మనిషికి తెలియదట. ఆ మాట విన్నప్పటి నుంచీ తుమ్మొచ్చినా గోడ పట్టుకుంటున్నాను. కొత్త నొప్పేదైనా వస్తే వెంటనే ఆపి రమ్మన్నారు డాక్టరుగారు. సరే. రోజూ నొప్పితోనే నిద్ర లేచేదానికి, ఏది కొత్తదో ఎలా తెలుస్తుంది?