కుందూ మడుగుకు మా మామ ప్రయాణం

ఈ నెల మొదట్లో మా మామ పోయాడు. పొద్దున రాగి గంజి తీసుకుపోయి పిలిచాను. పలకలేదు. భుజం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. గ్లాసు అలాగే పట్టుకుని మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. మూడేళ్లుగా ఆ మంచం చుట్టూ తిరిగినదాన్ని, ఇక లేచి ఏం చేయాలో తోచలేదు.

నంద్యాలలో మా వీధి వీధంతా వచ్చింది. వచ్చినవాళ్లందరూ నన్నే మెచ్చుకున్నారు. "కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు" అన్నారు. విని విని విసుగొచ్చింది. పోయింది ఆయన. ఆయన గురించి ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పాలి కదా అని ఇది రాస్తున్నాను.

మామ నూనె మిల్లులో మిస్త్రీ. డెబ్బైల చివర నేను కాపురానికి వచ్చేనాటికే ఆయనకు చేపల పిచ్చి. ఏటా ఎండాకాలం కుందూలో నీళ్లు తగ్గి మడుగులు మిగిలినప్పుడు, ఇద్దరు స్నేహితులతో కలిసి నాలుగు రోజులు గాలాలు వేయడానికి పోయేవాడు. ఒకాయన శిరివెళ్ల రైతు, ట్రాక్టరు ఆయనదే. ఇంకొకాయన ఆళ్లగడ్డలో టైలరు. పోయేది నాలుగు రోజులకే అయినా ఆ సందడి నెల ముందే మా ఇంట్లో మొదలయ్యేది. వెదురు గడలకు ఆముదం పూసి నీడన ఆరబెట్టేవాడు. నైలాను దారాన్ని కిటికీ ఊచకు కట్టి వసారా పొడవునా లాగి, ఎక్కడైనా నలిగిందేమోనని వేళ్లతో తడిమి చూసేవాడు. గాలం దారానికి కట్టే జొన్నదంటు బెండు ముక్కలు కోసి నీళ్ల తొట్టిలో వేసి, అవి తేలే తీరు చూస్తూ కూర్చునేవాడు. మిల్లులో నూనె తీయగా మిగిలిన చెనిక్కాయ చెక్కను తవుడుతో, బెల్లంతో కలిపి చేపల మేతకని కుండలో నానబెడితే ఇల్లంతా పులిసిన కంపు.

అత్త అప్పటికే లేదు కాబట్టి వాళ్ల తిండి బరువంతా నాదే. పాడవకుండా ఉండే ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఊరగాయ. రొట్టెలు తట్టీ తట్టీ అరచేతులు మండేవి. "పొద్దున పోయి సాయంత్రం రాకూడదా మామా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"మొదటి రెండు దినాలూ ఉత్త మేత ఎయ్యడమేమ్మా. బొచ్చె చేప మనల్ని నమ్మాల గదా. తొందరుండేటోడు బజార్లో కొనుక్కోవల్ల," అని నవ్వాడు.

మూడేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట ఆగి ఆగి వచ్చేది. మా ఇంటాయన బస్సు కండక్టరు, డ్యూటీకి పోతే మరునాటికి గానీ ఇల్లు చేరడు. మామను పక్క తిప్పడం, కడగడం, తినిపించడం అన్నీ నేనే. పైగా ఇద్దరు చిన్నపిల్లలు. అలసటతో నాకు కోపం కూడా వచ్చేది కాదు. పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడేదాన్ని. ఒకరోజు మామకు అన్నం తినిపిస్తూ గోడకు తల ఆనించి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఆయన నావైపే చూస్తున్నాడు. గిన్నె జారిపోకుండా ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

ఆ వారంలోనే స్నేహితులిద్దరికీ కబురు పెట్టించాడు. వాళ్లు రాగానే, "ఈ తూరి మడుగుకు నేనూ వస్తా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏందీ మామా ఇది? ఆడ నిన్ను లేపేదెవరు, కడిగేదెవరు? ఏమన్నా అయితే అందరూ నన్నే అంటారు."

"వీళ్లుండారు. నేర్చుకుంటారు," అన్నాడు.

నిజంగానే నేర్చుకున్నారు. ఆ ఏడు గడలనూ దారాలనూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రోజూ పొద్దున్నే ఇద్దరూ వచ్చి, మనిషిని ఎలా లేపాలో, ఎలా తుడవాలో నా దగ్గర నేర్చుకోవడమే ప్రయాణపు ఏర్పాటయింది. రైతు చేతులు మోటు. "యాడ పట్టుకోవల్లమ్మా?" అని భయపడుతూ అడిగేవాడు. టైలరు తడిగుడ్డతో వీపంతా మెల్లగా తుడుస్తుంటే మామ ఊరుకోలేదు.

"కొలతలు తీస్తాండావా అప్పా? బేగా కానీ."

ముద్ద పెట్టి మింగేదాకా ఆగాలని చెప్పాను. "నీకూ మేత ఎయ్యాల్సి వచ్చె గదన్నా," అని రైతు నవ్వాడు. మామ కూడా నవ్వబోతే పొలమారింది.

నేను రొట్టెలకు పిండి తీయబోతే మామ వద్దన్నాడు. "వాళ్లిండ్లల్లో చేస్తాండారు. నువ్వు చెయ్యగాకు." ఇన్నేళ్లకు నా రొట్టెలు చేదయ్యాయా అని మనసు చివుక్కుమంది. పైగా పిల్లల్ని ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గర దింపి రమ్మని మా ఇంటాయనకు చెప్పాడు. తన సరదా కోసం ఇంట్లో అందరినీ తలా ఒక దిక్కుకు తోలుతున్నాడని లోపల గొణుక్కున్నాను.

ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద నులక మంచం పెట్టి తాళ్లతో బిగించారు. తల దగ్గర గొడుగు కట్టారు. మందులు ఎప్పుడు వేయాలో, ఏ పక్కకు తిప్పాలో చెబుతూ నేను ట్రాక్టరు వెంట వీధి చివరిదాకా నడిచాను. "ఇంట్లోకి పోమ్మా," అని మామ కసిరాడు.

ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చుదామని చాప వేశాను. లేచేసరికి అది ఏ పూటో తెలియలేదు. చద్దన్నం తిని మళ్లీ పడుకున్నాను. మామను పక్క తిప్పాలని ఉలిక్కిపడి లేవడం, మంచం లేని చోటు చూసి మళ్లీ ఒరగడం. ఎప్పటికో ఒంట్లో బరువు దిగింది. తలంటు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ వసారాలో ఊరికే కూర్చున్నాను. అలా ఊరికే కూర్చుని ఎన్నాళ్లయిందో.

నాలుగో రోజు సాయంత్రం ట్రాక్టరు వచ్చింది. రైతు తడి గోనెసంచి విప్పి, రెండు చేతులా ఎత్తితే గానీ లేవని బొచ్చెను చూపించాడు. వీధి పిల్లలు మూగారు. మామ దానివంక చూడలేదు. మంచం మీద నుంచే మెడ తిప్పి నన్ను వెతుక్కుని, నా మొహంలోకి తేరిపార చూశాడు.

"పండుకున్యావా పాపా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు టైలరు అందుకున్నాడు. "నాలుగు దినాలూ ఇదే మాటమ్మా. బెండు మునుగుతాంటే కూడా సూడల్యా. ఆ పాప పండుకుందో ల్యాదో అని మా పానం తీసినాడు. ఈయప్ప చేపలకు యాడొచ్చినాడు? నీకు నాలుగు దినాలు నిద్ర కావల్లనే మమ్మల్ని పట్టుకున్నాడు."

నాకు ఏడుపు ఆగలేదు. రొట్టెలు ఎందుకు వద్దన్నాడో, పిల్లల్ని ఎందుకు పంపించాడో అప్పుడు గానీ తెలియలేదు. తిరిగే మనుషులెవరికీ నా అలసట కనపడలేదు. లేవలేని మనిషికి కనపడింది.

"పండుకున్నా మామా. బాగా పండుకున్నా," అన్నాను.

వాళ్లు ఆయన్ని దించుతుంటే అలవాటుగా నేనూ చేతులు చాచాను. మామ తల అడ్డంగా ఊపాడు. తవుడు ఎండి అంటుకున్న ఎడమ చెయ్యి పైకెత్తి, నువ్వు కూర్చో, కూర్చో అని నాకు సైగ చేస్తూ వాళ్లిద్దరి చేతుల మీద గడప దాటాడు.