అడగని పేరు

రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. ఆ రంగానికి పది మైళ్ళ అవతల ఒక పల్లె సంతలో, ఎండుచేపల బుట్టల మధ్య గోంగూర కట్టలు కనిపించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. "గోంగూర!" అని పైకే అనేశాను.

బర్మా లుంగీ కట్టుకుని, చెంపలనిండా గంధంలాంటి పూత పూసుకున్న ఆ అమ్మే మనిషి గబుక్కున తలెత్తింది.

"ఏ ఊరండీ మీది?" అంది, తెలుగులో.

బెజవాడ అన్నాను. తన పల్లె చల్లపల్లి దగ్గర, కాలవ లాకుల పక్కనే అంది. ఉన్న కట్టలన్నీ నా సంచిలో కుక్కేసి, "మా అమ్మతో చెప్పండి బాబూ, నేను బాగానే ఉన్నానని," అంది.

పరాయి ఆడమనిషిని పేరడగడం మర్యాద కాదని నేను అడగలేదు. ఏం మర్యాదో!

నేను ఇల్లు చేరిన వారానికే రంగం మీద బాంబులు పడ్డాయి. ఆవిడ చెప్పమన్న కబురు చెబుదామని లాకుల పక్క పల్లెకి వెళ్ళాను. రంగం నుంచి వచ్చాననగానే నలుగురు తల్లులు పరుగున వచ్చారు. నలుగురి కూతుళ్ళూ అక్కడే ఉన్నారట.

"పేరేం చెప్పింది బాబూ?"

అడగలేదన్నాను. అందరిలోకీ పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది. "కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉందా నాయనా?"

ఆ పూత కింద ఏముందో నేనెక్కడ చూశాను? అయినా ఆవిడ ముఖం చూసి, "ఉందండీ," అన్నాను.

ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. మిగతా ముగ్గురూ ఇంకేమీ అడగలేదు. కొంగులు సర్దుకుని ఎవరిళ్ళకి వాళ్ళు నడిచారు. వాళ్ళని వెనక్కి పిలవడానికి నాకు నోరు రాలేదు.