మూడో సైనికుడి చిటికెన వేలు

మా నాన్నగారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రికార్డు కీపర్‌గా రిటైరయ్యారు. 2009లో అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంటుకి ఆర్నెల్లకని వచ్చి, మొదటి వారంలోనే నా వంటింటి డబ్బాలన్నిటికీ నంబర్లు వేసి ఒక నోటుబుక్కులో ఇండెక్స్ రాసేశారు. కందిపప్పు కావాలంటే ముందు పుస్తకం తియ్యాలి. ఇంకో వారం ఇలాగే సాగితే ఇల్లొదిలి నేనే పారిపోయేలా ఉన్నానని, ఆయన్ని లైబ్రరీకి తీసుకెళ్లాను.

అక్కడ వారానికి రెండు రోజులు స్థానిక చరిత్ర మీద పనిచేసే వాలంటీర్లు కూర్చుంటారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మా చుట్టుపక్కల పోరాడిన ఒక బ్రిటిష్ పటాలం తాలూకు రికార్డుల నకళ్లు వాళ్లకి లండన్ నుంచి వచ్చాయి; వాటిని చదివి ఒక రిజిస్టరులోకి ఎక్కించడం వాళ్ల పని. ఒక్కో సైనికుడికి ఒక్కో వరుస. పేరు, వయసు, ఎత్తు, జుట్టు రంగు, పటాలంలో చేరక ముందు చేసిన పని, చివరికి ఏమయ్యాడన్న సంగతి. ఆ గొలుసుకట్టు రాత ముందు అక్కడివాళ్లు కళ్లు చికిలించుకుంటుంటే, మా నాన్నగారు కళ్లజోడు సర్దుకుని గడగడా చదివేశారు. పాత దస్తావేజులతో ముప్పై అయిదేళ్లు కాపురం చేసిన మనిషి మరి! ఆ మర్నాటి నుంచి ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, డబ్బాలో పెరుగన్నం. నా వంటింటికి విముక్తి దొరికింది.

వాలంటీర్లకి పెద్దదిక్కు ఒక ఎనభై ఏళ్ల ఆవిడ, ఒకప్పటి స్కూలు టీచరు. ఆవిడ వంశానికి మూలపురుషుడు ఆ పటాలంలో పనిచేసి ఇక్కడే స్థిరపడ్డాడట. చిక్కేమిటంటే, ఆ పేరుతో పటాలంలో ముగ్గురున్నారు. ఒకడు సార్జెంటై పెన్షన్ పుచ్చుకున్నాడు. ఒకడు గాయపడి గౌరవంగా డిశ్చార్జి అయ్యాడు. మూడోవాడు శిబిరం నుంచి పారిపోయాడు. వీళ్లలో తమవాడెవరో సెప్టెంబరులో బంధువులంతా కలుసుకునే రోజుకి తేల్చి చెప్పాలని ఆవిడ ఆరాటం.

"వీళ్లంతా పేరు పట్టుకుని వేళ్లాడుతున్నారే అమ్మాయ్," అన్నారు నాన్నగారు. "మా ఆఫీసు కింద ఒక్క ఊళ్లోనే ఇంటిపేరుతో సహా ఒకే పేరు వాళ్లు పదకొండు మంది ఉండేవారు. పేరుతో మనిషి తేలతాడా? పుట్టుమచ్చలు చూడాలి గానీ!"

ఆ మాట కొట్టిపారెయ్యలేకపోయాను. పదో తరగతిలో మా క్లాసు టీచరు నా రెండో పుట్టుమచ్చ కోసం మోచేతుల దాకా గాలించి, కనపడక, తప్పంతా నాదే అన్నట్టు కసిరారు. సర్టిఫికెట్ మీద రెండు రాయకపోతే మన దగ్గర మనిషి మనిషే కాదు.

నాన్నగారు తిన్నగా ఆవిడ ముందుకెళ్లి, "మేడమ్, మీవాడి ఐడెంటిఫికేషన్ మార్క్స్ ఏమిటి?" అని ఇంగ్లీషులో అడిగేశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం కాసేపు ఆలోచించి, తమ మూలపురుషుడి ఎడమ చిటికెన వేలు వంగేది కాదట అని చెప్పారు. వాళ్లింట్లో ఎవరైనా చిటికెన వేలు నిలబెట్టి కప్పు పట్టుకుంటే, సోల్జర్ వచ్చాడని ఇప్పటికీ ఏడిపిస్తారట. అదీ ఒక ఆధారమేనని ఆవిడకెప్పుడూ తట్టలేదు.

వారం తిరిగేసరికి నాన్నగారి ముఖం వాడిపోయింది. సాయంత్రం భోజనంలో మజ్జిగ దాకా రాకుండానే లేచేశారు.

"వేలు దొరికిందే. కాగితం అంచున చీమల బారులా రాసుంది, అందుకే ఎవరూ చదవలేదు."

"మరింకేం నాన్నగారూ?"

"పారిపోయినవాడిదే ఆ వేలు. ఆవిడ అడిగితే కనపళ్లేదన్నాను. ఎనభై ఏళ్ల మనిషితో, మీవాడు పిరికివాడై పారిపోయాడని ఏ నోటితో చెప్పనూ? అదీ సెప్టెంబరులో బంధువులందరి ముందూ చదువుతుందిట!" చెయ్యి కడుక్కుంటూ, "సర్వీసులో ఉన్నది లేదని ఒక్కసారి చెప్పలేదమ్మా. ఇవాళ రిజిస్టరులో ఆవిడ మూలపురుషుడికి ఎదురుగా రిమార్క్స్ గడి ఖాళీగా వదిలేసి వచ్చాను," అన్నారు.

నాకు ఆయన మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఎవరో పరాయి ఆవిడ పరువు కోసం తిండి మానేసిన మనిషిని ఏమనగలం?

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని కూడా సోఫాలోంచి లేవలేదు. ఒంట్లో బాగోలేదన్నారు.

"నాన్నగారూ, హక్కుదారు వచ్చి నకలడిగితే లేదనడానికి మీరెవరండీ?" అన్నాను.

ఆయన నావైపు గుర్రుగా చూసి, లేచి పెన్నులు జేబులో పెట్టుకున్నారు.

లైబ్రరీలో ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మేడమ్, ఐ టోల్డ్ ఎ లై," అని ఆ కాగితం ముందు పెట్టారు. ఆవిడ చదివారు. మళ్లీ చదివారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెడితే పక్క టేబుళ్ల వాళ్లంతా తలలు తిప్పి చూశారు.

"ఆయన పారిపోకపోతే పటాలంతో పాటు ఓడెక్కి వెళ్లిపోయేవాడు కదా! మేమెవరమూ పుట్టేవాళ్లమే కాదు!" అన్నారు. అంతలోనే కళ్లు తుడుచుకుంటూ, "మా నాన్న కూడా ఈయన కోసమే వెతికి వెతికి పోయాడు," అన్నారు.

నాన్నగారు రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ఖాళీ గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో 'డిజర్టెడ్' అని రాశారు. దాని కింద, అలవాటు కొద్దీ, 'లీగల్ హెయిర్ ఇన్‌ఫార్మ్‌డ్', అంటే వారసురాలికి తెలియజేయడమైనదని, చేర్చారు. ఆ గడిలో ఇంకా మిగిలిన చోటుని ఆవిడ వేలితో చూపించారు. నాన్నగారు కాస్త ఆలోచించి, 'హెయిర్ వెరీ హ్యాపీ' అని కూడా రాసి పొట్టి సంతకం చేశారు.

ఆ తర్వాత ఆఫీసులో లాగే, టేబులు మీద సీలు కోసం కుడిచెయ్యి చాచారు. అక్కడ సీలు లేదు. ఆవిడ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.