బల్లకు మళ్లీ పిలిచిన ఆదివారం

మా రాజుపాలెంలో తాగినవాణ్ణి చర్చి సంఘం ప్రభువు బల్లకు దూరం పెట్టేది. ఆదివారం గుడిలో వెనకాల నిలబెట్టి, అందరి ముందూ తప్పు ఒప్పించేది. మా నాన్న అలా ఎన్ని ఆదివారాలు నిలబడ్డాడో! చివరికి మానేశాడని నమ్మి, మళ్లీ బల్లకు పిలిచారు. బల్ల మీద ఏముంటుంది? రొట్టె, ద్రాక్షారసం. మద్యనిషేధం రోజుల్లో మా ఊరికి పర్మిట్టు మీద వచ్చే అసలు సరుకు అదొక్కటే. తాగుడు మానినవాడికి మావాళ్లు ఇచ్చిన బహుమానం అది!

"నాకు రొట్టె చాలయ్యా, గిన్నె వద్దు" అని నాన్న పాస్టరుగారిని బతిమాలుకున్నాడు.

"ప్రభువు రక్తాన్నే వద్దంటావా? అయితే నీ మనసింకా మారలేదు" అన్నారాయన.

వద్దంటే పాపి. పుచ్చుకుంటే ఏమవుతుందో నాన్న ఒక్కడికే తెలుసు. పుచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే సారా కాచే గుడిసె ముందు పడి ఉంటే ఇంటికి మోసుకొచ్చాం.

నరసరావుపేట డాక్టరు అంతా విని, ఇది బుద్ధి వంకర కాదు, మెదడుకు పట్టిన జబ్బు, ఒక్క గుక్కకే తిరగబెడుతుంది అన్నాడు. నాన్నని మళ్లీ వెనకాల నిలబెట్టిన ఆదివారం, అమ్మ ఆ మాట పట్టుకుని గుడిలోనే లేచింది.

"జబ్బు మనిషిని నిలబెట్టి అడుగుతారేందయ్యా? జరమొచ్చినోణ్ణి కూడా ఇట్టాగే అడుగుతారా?"

పాస్టరుగారు చేతిలో బైబిలు మూసేశారు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

వెనకనుంచి నాన్నే అడ్డం వచ్చాడు.

"జబ్బనమాకే. పాపమైతే క్షమాపణన్నా ఉంటది. మెదడే చెడిందంటే, ఇంక నేనేడికి పోవాల?"