మాబున్నీ మెడలో ఇనుప తాళంచెవి

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కాదు, అలా రాయడం కూడా సరికాదు. దాన్ని మోస్తున్నది ఇంకొకరు. నేను రోజూ చూస్తున్నాను, అంతే. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లతో చెప్పలేకనే మీకు చెబుతున్నాను. పేర్లు మార్చాను.

రాయదుర్గంలో, మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు పని నేర్పే బడిలో నేను టీచర్ని. పద్దెనిమిది దాటినవాళ్లను ఎక్కడో ఒకచోట పనిలో కుదర్చడం నా బాధ్యత. ఊళ్లో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. కుట్టిన ప్యాంటుకు వేలాడే దారాలను కత్తిరించే పని మా పిల్లలు చేయగలరు. మాబున్నీ అందరికంటే బాగా చేసేది. ముందు జేబు మూలలు, తర్వాత నడుము పట్టీ, చివర కాళ్ల మడతలు. ఆ వరస పట్టుబడటానికి ఏడాది పట్టింది. పట్టుబడ్డాక ఒక్క దారం వదిలేది కాదు. పల్లె నుంచి బస్సులో ఒంటరిగా రావడం కూడా నేర్పాను. నెల రోజులు అదే బస్సులో, ఆమెకు కనపడకుండా వెనక సీట్లో కూర్చున్నాను. తనే కండక్టరుకు ఊరి పేరు చెప్పి కొనుక్కున్న మొదటి టికెట్టు ఇంకా నా దగ్గరుంది. నేను మంచి టీచర్నే. నన్ను ఎక్కువగా తినేస్తున్నది అదే.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. తాత కాలంలో మాకు మూడు ఊళ్లలో చేలుండేవి. బోర్లు వేయించి, అవి ఎండిపోతే మళ్లీ వేయించి, మా నాయన అంతా పోగొట్టాడు. నాకు దక్కింది తల ఎత్తుకుని నడిచే అలవాటు ఒక్కటే. దాన్ని ఆత్మగౌరవం అనుకునేదాన్ని.

మాబున్నీకి పనిస్తానన్నవాడు ఓబులేసు. వాళ్ల నాయన మా ఇంట్లో జీతగాడు. ఏడాది జీతానికి మా పశువులను చూసుకునేవాడు. ఓబులేసు ఇప్పుడొక జీన్స్ యూనిట్‌కు యజమాని. బడికి వచ్చి, అరగంట నిలబడి మాబున్నీ పని చూశాడు.

"సరే అక్కా, సోమవారం నుంచి రమ్మను. అయితే మొదట్లో పది దినాలు నువ్వు గూడా వచ్చి పక్కన కూర్చోవాల. ఆ పాపకు నీ మాటే అర్థమైతాది."

అందులో వింతేమీ లేదు. కొత్త చోట కొన్నాళ్లు టీచరు పక్కనే కూర్చుని అదే పని చేసి చూపడం మా పద్ధతి. నన్నెరగని యూనిట్లలో అంతకుముందు ముగ్గురి పక్కన నేల మీద కూర్చున్నాను.

"వస్తాలే," అన్నాను.

"ఆడ కుర్చీలుండవు, అందరూ కిందే. నీకు పరుపు ఏయిస్తాలే అక్కా. మీ ఇంట్లో మా నాయనకు గోనెపట్ట గూడా లేకపాయె."

నవ్వాడు. ఎగతాళా? మామూలు మాటా? ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం నేను నేల మీద వంగి దారాలు కత్తిరిస్తున్నట్టూ, అతను చెప్పులతో నా పక్కనుంచి నడిచిపోతున్నట్టూ కనిపించింది.

"ఆ పాపకు ఫిట్స్ వస్తాయి ఓబులేసూ. మిషన్ల కాడ పెట్టద్దు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ముందుగా అనుకున్నది కాదు. కానీ వెనక్కి తీసుకోవడానికి సమయం ఉండింది. అతను మాబున్నీ కత్తిరించిన ప్యాంటును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. ఆ కాసేపట్లో నేను దాన్ని వెనక్కి తీసుకోలేదు.

"దాయకుండా చెప్పినావక్కా. ఎంతైనా పెద్దింటోళ్లు," అని వెళ్లిపోయాడు.

యూనిట్ల వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఆ తర్వాత ఎక్కడ అడిగినా ఫిట్స్ పాప కదా అన్నారు. మాబున్నీ వాళ్లమ్మ హుసేనమ్మకూ ఆ మాట చేరింది. ఎప్పుడొచ్చినాయి మేడమ్ అని పరుగెత్తుకొచ్చింది. బడిలో ఒకసారి వచ్చాయి, తగ్గిపోయాయి అన్నాను. ఆసుపత్రిలో చూపిస్తానంటే అవసరం లేదన్నాను. డాక్టరు నాలుగు ప్రశ్నలు వేస్తే నా మాట నిలవదు కదా. బిడ్డను కాపాడానని ఆమె నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

మరుసటి రోజు మాబున్నీ మెడలో నల్లతాడుకు ఇనుప తాళంచెవి కనిపించింది. ఫిట్స్ వస్తే వెంటనే చేతిలో పెట్టడానికట. అప్పటి నుంచి ఇంట్లోవాళ్లు ఆ పిల్లను ఒంటరిగా బస్సెక్కనివ్వలేదు. పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. హుసేనమ్మ కూలి మానుకుని వెంట వచ్చి, సాయంత్రం దాకా బడి గేటు బయట కూర్చుంటుంది. మాబున్నీకి ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ఆమె వంగినప్పుడల్లా తాళంచెవి బల్లకు తగిలి టక్కుమంటుంది. సెలవు రోజున ఇంట్లో ఒక్కదాన్నే అన్నం తింటున్నా ఆ చప్పుడు వినిపిస్తుంది.

ఎందుకు చెప్పలేదు? మొదట్లో సిగ్గు. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటే ఏం చెప్పాలన్న భయం. ఆ తర్వాత ఒక సభలో నాకు శాలువా కప్పారు. హుసేనమ్మ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. ఆమె కొడుతున్నంతసేపూ నేను నిటారుగానే నిలబడ్డాను.

క్షమించమని అడగను. అది మీ చేతిలో ఉన్నది కాదు. రేపు గేటు దగ్గర హుసేనమ్మతో చెబుతానని మాట కూడా ఇవ్వను. అలాంటి మాటలు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను. ఇంతవరకు ఏ కాగితం మీదా పెట్టని ఒక వాక్యాన్ని మాత్రం ఈ రోజు రాస్తున్నాను. మాబున్నీకి ఫిట్స్ ఎప్పుడూ రాలేదు. రాసి, రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.