సగం మూతి నేతగాడు

ఆడలేక మద్దెల ఓడన్న సామెత చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అది నా మీద కట్టిన సామెతేనని తెలియడానికి మాత్రం ముప్పై ఏళ్ళు పట్టింది. నా మూతి వంకర పోయిన రోజున నేను నాడెను, అంటే మగ్గంలో అడ్డపోగు మోసే కొయ్యను, తిట్టాను. నాడె తర్వాత నూలును తిట్టాను, నూలు తర్వాత గంజిని, గంజి అయిపోయాక నా భార్యను. ఆ వరుసలో ఎక్కడా నా ముఖం లేదు. ఎవరి ముఖం వాళ్ళకు కనబడదు గదా, అదొక్కటే నా తరఫున చెప్పుకోదగ్గ మాట.

మేము నిజాం ఇలాకా నుంచి షోలాపూర్ వచ్చి భవాని పేట్‌లో మగ్గాలు వేసుకున్నవాళ్ళం. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధానికి ఇంకా నాలుగైదేళ్ళున్నాయి. పొడవాటి పెంకుటింట్లో వరసగా గుంట మగ్గాలు. కిటికీ పక్కది నాది. అది మొదట మా బావది, అంటే నా భార్య అన్నగారిది. ఆ వెలుతురు కోసం ఏడాదిపాటు ఆయన్ను సతాయించి, చివరికి మగ్గం మార్పించుకున్నాను. "తీస్కో బావా, వెలుతురుతోని గాలి గూడ నీకే" అన్నాడు ఆ రోజు. ఆయన నాలుక మీద నల్లమచ్చ ఉందేమో, నేను చూడలేదు.

ముందురోజు నుంచే కుడిచెవి వెనక ఒకటే సలుపు. మగ్గం చప్పుడు ఆ చెవిలో రెట్టింపుగా కొడుతున్నది. పట్టించుకోలేదు. పొద్దున తలస్నానం చేసి, తడి తలతోనే కిటికీ దగ్గర కూర్చుని, నూలు చుట్టిన కొత్త కండె నాడెలో పెట్టాను.

నేతపని తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కండె మీది పోగు నాడె పక్కనున్న చిన్న కన్నంలోంచి బయటికి రావాలి. దానికి మేము సూది వాడం, మూతి వాడతాం. పోగు కొసను లోపల కన్నానికి ఆనించి, బయట పెదవులు పెట్టి చప్పున పీలిస్తే అది నోట్లోకి వచ్చి పడుతుంది. ఆకువక్క నమిలి ఉమ్మేసేంత సేపటికి ఒక కండె అయిపోతుంది, మళ్ళీ ఇంకో ముద్దు. పెళ్ళాం కంటే నాడెకే ఎక్కువ ముద్దులిచ్చిన జాతి మాది.

ఆ రోజు పీల్చాను. గాలి వచ్చింది, పోగు రాలేదు. మళ్ళీ పీల్చాను. బుస్సుమన్నది. నాడె మార్చాను. కన్నంలో గంజి గడ్డ కట్టిందేమోనని పుల్ల పెట్టి పొడిచాను. కండె తీసి చూశాను. ఇక మిగిలింది కండె చుట్టిన మనిషే. రాట్నం ముందున్న నా భార్య మీద విరుచుకుపడ్డాను.

"గట్టిగ చుట్టినవా ఏంది? పోగు కదుల్తలేదు!"

"నీ ఇంటికొచ్చిన కాడికెల్లి గిదే చెయ్యితోని చుడుతున్న. ఇయ్యాలనే గట్టిగైందా?" అంటూ ఆమె లేచి వచ్చింది. వచ్చి నన్ను చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "తిట్టేది చాలదని ఎక్కిరిస్తున్నవా? మూతి గట్ల పెడుతున్నవేంది?"

"ఎట్ల పెట్టిన?"

ఆమె చేతులు నడుం మీంచి జారిపోయాయి. "అన్నా, జర ఇటు రా" అని పిలిచింది. అంత మెల్లగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

బావ వచ్చాడు. "ఏదీ, నవ్వు బావా" అన్నాడు. నవ్వాను. నవ్వు ఎడమవైపు బయలుదేరి ముక్కు దగ్గర ఆగిపోయింది. "కండ్లు మూయి." మూశాను. కుడికన్ను మూతపడక ఆయన్నే చూస్తున్నది. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పాడు. ఆ తర్వాత పక్షవాతానికి మా దగ్గర వాడే మాట ఒక్కటే అన్నాడు. "లక్వా."

నవ్వు నాలుగు విధాల చేటంటారు. సగం నవ్వు కాబట్టి నాకు రెండు విధాలే అయి ఉండాలి. ఆ రెండూ నాకు తెలుసు, ఒకటి చెయ్యి, ఒకటి కాలు.

ఎందుకంటే మా నాయనకూ మొదట మూతే పోయింది. పొద్దున మూతి, పగటిజాముకు చెయ్యి, పొద్దుగూకే వేళకు కాలు. తర్వాత రెండేళ్ళు నులకమంచం మీద పడుకుని, బాగున్న ఎడమచేత్తో గాలిలో నాడె విసురుతూ ఉండేవాడు. నాకు పోయింది కుడి మూతి. మగ్గం తాడు గుంజేది కుడిచెయ్యి.

ఇక నాకు నిలకడ లేదు. పిడికిలి బిగించేవాణ్ణి, విప్పేవాణ్ణి. బొటనవేలితో ఒక్కో వేలినీ తాకి, నలుగురూ ఉన్నారా అని హాజరు తీసుకునేవాణ్ణి. కుడికాలి మీద ఒంటికాలి కొంగలా నిలబడేవాణ్ణి. ఇంట్లో కూర్చుంటే మంచం కనబడుతుంది, మగ్గం మీద కూర్చుంటే తాడు గుంజిన ప్రతిసారీ చెయ్యి నిన్నటికంటే బరువుగా ఉందా అనిపిస్తుంది. లేచి గల్లీ చివరి దాకా పోయేవాణ్ణి, కాళ్ళు సరిగ్గానే నడిచాయని సంతోషించి వెనక్కి వచ్చేవాణ్ణి, వచ్చాక నమ్మకం చాలక మళ్ళీ పోయేవాణ్ణి. దవాఖానకు పొమ్మని నా భార్య మొత్తుకునేది. నేను పోలేదు. పోతే వాళ్ళు ఆ మాట చెబుతారు. చెప్పనంత కాలం అది లేనట్టే గదా! నా తెలివి ఆ రోజుల్లో ఈ ఎత్తున ఉండేది.

చూడవచ్చినవాళ్ళు తలా ఒక కారణం తెచ్చారు. తడి తలకు గాలి కొట్టిందని ఒకరు. గాలి కాదు, 'గాలి' అని ఇంకొకరు, అది చింతచెట్టు మీదిదట. పుచ్చిపన్ను అన్నారు, చెవిలో చీము అన్నారు, ఎవరినో వెక్కిరించిన పాపమన్నారు. ఒక పెద్దాయన జాజికాయ బుగ్గన పెట్టుకొమ్మన్నాడు. నా కుడిబుగ్గలో అప్పటికే పొద్దుటి జొన్నరొట్టె నిలవ ఉండేది, దాని పక్కన జాజికాయను కూడా కాపురం పెట్టించాను.

బావ పావురాన్ని తెచ్చాడు. పావురం రెక్కల గాలి తగిలితే లక్వా పోతుందని ఆయనకు ఎవరో చెప్పారు. కాలికి దారం కట్టి, నా మగ్గం పైన దూలానికి వేలాడదీశాడు. అది రెక్కలు కొట్టుకుంది, నిజమే. అంతకంటే ఎక్కువగా వేరే పని చేసింది. తొమ్మిది గజాల చీరలో నాలుగో గజం మీద, ఎర్రటి అంచు పక్కన, తెల్లటి బుటాలు పడ్డాయి. "డిజైన్ మంచిగున్నది బావా" అన్నాడాయన. నా భార్య దారం కోసి దాన్ని కిటికీలోంచి వదిలేసింది.

అయితే అసలు అవమానం పావురం వల్ల జరగలేదు. పోగు ఎట్లా పీల్చాలి? ఎడమచేత్తో పెదవులు పిసికి పట్టి పీలిస్తే మూడుసార్లకు ఒకసారి వచ్చేది, మిగతా రెండుసార్లు గడ్డం మీద చొంగ. తీగ కొక్కెంతో లాగితే సన్ననూలు చీలిపోయేది. మాలో ఒకరి నాడెను ఇంకొకరు నోటపెట్టరు. ఎంగిలి. తండ్రీ కొడుకుల మధ్య కూడా పెట్టరు. అలాంటిది రెండోరోజు బావ తన గుంటలోంచి లేచి వచ్చి, నా నాడె తీసుకుని పీల్చి, పోగు నా చేతికిచ్చాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుడికంట్లో ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి కాబట్టి ఆయన గమనించి ఉండడు.

ఆ మంచితనం ఒక్కరోజు నిలబడింది. మూడోరోజు నుంచి దానికి సుంకం మొదలైంది. పెదవులు కలిస్తేనే గదా 'బా' పలికేది! నా నోట్లో "బావా" అన్నది "హావా" అయ్యేది. ఆయన నాడెను తన పెదవుల దాకా తెచ్చి ఆపేవాడు.

"నోరార పిలువు బావా, అప్పుడే పీలుస్త."

"హావా."

"ఎవరా హావా? ఈ పేటల గా పేరు గలోడు లేడే!"

వరస మగ్గాలన్నీ ఆగి నవ్వేవి. కండె కండెకూ ఇదే. నేను అప్పుడే అనుకున్నాను, చెయ్యి మిగిలి ఉంటే ఈయన సంగతి చూసుకుందామని.

చివరికి నన్ను దవాఖానకు నడిపించింది కన్ను. మగ్గాల మధ్య నూలు దుమ్ము ఎప్పుడూ లేస్తుంటుంది. మూతపడని కన్ను కుంకుమ భరిణెలా ఎర్రబడింది. నా భార్య ఇక మాటలతో పని పెట్టుకోకుండా నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. గట్టిగానే పట్టుకుంది. ఆ నొప్పి తెలిసినందుకు కూడా లోపల సంతోషించాను, చెయ్యి ఇంకా బతికే ఉంది.

మరాఠీ డాక్టరు నా ముఖం చూడకముందే నా చెయ్యి చూశాడు. తన రెండు వేళ్ళు ఇచ్చి గట్టిగా పిసకమన్నాడు, బలమంతా పెట్టి పిసికాను. "బస్, బస్" అని వేళ్ళు విదిలించుకున్నాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. చెవిలోకి దీపం వేసి చీముందా, పొక్కులున్నాయా అని చూశాడు. దెబ్బ తగిలిందా, జ్వరం వచ్చిందా అని అడిగాడు. చక్కెర జబ్బు ఉందేమోనని మూత్రం సీసాలో పట్టించి కాచి చూశాడు. చొక్కా విప్పించి, కళ్ళు మూసుకోమని, దూదితో ఒంటి మీద అక్కడక్కడా తాకుతూ తెలుస్తున్నదా అన్నాడు. మోచేతి దగ్గర నరాన్ని వేళ్ళ కింద దొర్లించాడు. నా భార్య ముఖం పాలిపోయింది. తిమ్మిరి మచ్చల కోసం వెతుకుతున్నాడని, అది ఏ జబ్బుకు వెతకడమో ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. కుష్టు వచ్చినవాణ్ణి పేటలో ఉండనివ్వరు. మచ్చలేవీ లేవు.

అప్పుడు ఎదురుగా కూర్చుని, "భువయా వర్ కరా" అన్నాడు. కనుబొమలు పైకెత్తమని.

ఎత్తాను. ఎత్తానని అనుకున్నాను.

"ఒక్కటే లేస్తున్నది," అన్నది నా భార్య. "నొసలు గూడ సగం పోయింది. ఇన్నిరోజులు అద్దంల చూస్కోలేదా నువ్వు?"

డాక్టరు మాత్రం వెనక్కి ఆనుకుని నవ్వాడు. "చాంగ్లం ఆహే" అన్నాడు. బాగుందట! నుదురు సగం చచ్చిందంటే బాగుందనే మనిషిని నేనప్పుడే చూడటం. ఆయన కాగితం మీద తల బొమ్మ గీసి ఓపికగా చెప్పాడు. నాకు అర్థమైంది ఇది: నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ పోగులు వస్తాయి. పక్షవాతంలో మెదడులో ఒక వైపు చెడినా రెండోవైపు పోగు నుదుటిని ఎత్తుతుంది, మూతి మాత్రమే జారుతుంది. నుదురూ, కన్నూ, మూతీ అన్నీ కలిసి పోయాయంటే చెడింది మెదడు కాదు, బయటికి వచ్చిన నరం. చెవి వెనక ఎముకలో సన్నటి కన్నంలోంచి ఆ నరం ముఖంలోకి వస్తుంది. అది వాచి, కన్నంలో ఇరుక్కుంది. ఎందుకు వాచిందంటే ఆయనా చేతులు తిప్పాడు. గాలి అంటారు గానీ సరిగ్గా ఎవరికీ తెలియదన్నాడు.

పోగు కన్నంలో ఇరుక్కుందని మొదటి రోజే నేను మొత్తుకున్నాను గదా! రోగనిర్ణయం సరైనదే, నాడె ఒక్కటే వేరు.

"మరి చెయ్యి?" అన్నాను.

చెయ్యి పోదన్నాడు. కాలూ పోదు. కంటికి గుడ్డ కట్టుకో, బుగ్గను కిందినుంచి పైకి మర్దన చెయ్యి, చాలామందికి కొన్ని వారాల్లోనో కొన్ని నెలల్లోనో మూతి తిరిగి వస్తుంది, ఓపిక పట్టు అన్నాడు. బయటికి వచ్చాక నా భార్య దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చుని నా కుడిచెయ్యిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను. ఆ రోజు వేళ్ళను లెక్కపెట్టలేదు.

ఓపిక నా జాతకంలో లేదు. రోజుకు పదిసార్లు అద్దం, ఇరవైసార్లు కనుబొమ. నెల దాటింది. నెలన్నర దాటాక ఒక పొద్దున సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదాను. రోజూ అయితే ఊపిరి పక్కకు పోయి చాయ్ చొక్కా మీదికి వచ్చేది. ఆ రోజు చాయ్ మీద అల తిన్నగా అవతలి అంచు దాకా పోయింది. తలెత్తాను. నా భార్య చూస్తున్నది.

"అన్నకు చెప్పి వస్త" అని లేచింది.

"జర ఆగు," అన్నాను. "నీ కండెల మీద నేను నోరు పారేసుకున్నది తప్పే. ఒప్పుకుంటున్న. గని మీ అన్న లెక్క ఇంక తేలలే."

ఆమె నన్ను ఒకసారి చూసి, వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది.

నేను మగ్గం మీద కూర్చుని మూతిని పాత వంకరలో పెట్టుకున్నాను. నెలన్నర సాధన, కష్టం కాలేదు. "హావా" అన్నాను. బావ లేచి వచ్చి, అలవాటైన ఆట ఆడి, పీల్చి ఇచ్చాడు. రెండు నిమిషాలకే కండె అయిపోయింది. చూస్తే నా భార్య కండెలన్నీ సగం సగమే చుట్టింది. మళ్ళీ "హావా." మళ్ళీ లేచాడు. మూడోరోజుకు కండెలు పావుకు దిగాయి. నా నేత సగానికి పడిపోయింది, ఆయన నేత అంతకంటే కిందికి పోయింది.

"ఏం చెల్లె, నూలు కరువొచ్చిందా?" అన్నాడు నడుం పట్టుకుని.

"చెయ్యి గుంజుతున్నదన్నా" అన్నది ఆమె, తల ఎత్తకుండా.

ఎనిమిదోరోజు మధ్యాహ్నానికి ఆయన పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఇక ఆట ఆడే ఓపిక లేక, వచ్చీ రాగానే నాడె తీసుకుని పీల్చాడు. పోగు ఆయన నోట్లోకి వచ్చింది.

"ఇయ్యాల నోరార పిలువుమననే లేదు," అన్నాను మూతి తిన్నగా పెట్టి, ఒక్కో అక్షరం రెండు పెదవులతోనూ ఒత్తి పలుకుతూ. "బావా."

వరస మగ్గాలన్నీ ఆగిపోయాయి. నా పోగు ఆయన పెదవుల మీద అట్లాగే వేలాడుతున్నది.