బోర్లించిన గ్లాసు, ఒలిచిన పల్లీలు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మాణికేశ్వర్ నగర్‌లో ముప్పై ఏండ్లు ఉన్నం. యూనివర్సిటీ చెట్ల నడుమ నుంచి తెల్లారకముందే పాలకు పోయేదాన్ని. ఆ దారిలో తెల్లచీర ఆమె తిరుగుతదని వాడకట్టు ఆడోళ్లు చెప్పేటోళ్లు. నాకైతే కుక్కలు తప్ప ఎవ్వరూ ఎదురు రాలే. తాయెత్తులు, నిమ్మకాయలు అని వచ్చినోళ్లను గడప అవతలనే నిలబెట్టి పంపిన. నేను చదివింది నాలుగో తరగతి. కండ్లతో చూస్తే తప్ప ఏదీ నమ్మను. ఇది కండ్లతో చూసిన. అందుకే రాస్తున్న.

మా ఆయన యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేటోడు. వారమంతా పెద్ద పొయ్యిల కాడ ఉడికి ఉడికి, ఆదివారం మధ్యాహ్నం ఒక్క బీరు తాగేటోడు. ఒక్కటే. అయినా నాకు కడుపు మండేది. పిల్లల నోటికాడిది తాగుతున్నవని ప్రతి ఆదివారం తిట్టేదాన్ని.

తాగిన గ్లాసు అట్లనే వదిలేస్తే ఈగలు ముసురుతున్నయని ఒకనాడు గట్టిగ అన్న. అప్పటి సంది తాగుడు అయిపోంగనే ఒక కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, దాని మీద గ్లాసు బోర్లించేటోడు. "చూస్కో, ఈగలకు తాళం వేసిన" అని నవ్వేటోడు. నేను నవ్వకపోయేదాన్ని.

బీరు పక్కకు పల్లీకాయలు ఉండాలె ఆయనకు. నా వేళ్ల కీళ్లు వంకర పోయినయి, కాయ ఒలుచుడు నాతోని కాదు. ఆయననే ఒలిచి, గింజ మీది ఎర్రపొట్టు కూడా తీసి, నా ముందట పెట్టేటోడు. పెట్టుడు కూడా ఎడ్లను కట్టినట్టు, జతలు జతలుగ. రైతు బిడ్డ కద. పొట్టు ఆయన దిక్కు, గింజలు నా దిక్కు. నేను తిట్టుకుంటనే తినేదాన్ని.

మూడేండ్ల కింద ఆయన కాలేయం చెడిపోయింది. డాక్టరు బీరు బంద్ అన్నడు. నేను బంద్ చేసిన. పోయే ముందటి రోజు పొద్దుగూకంగ, "ఒక్క గుక్క బీరు పొయ్యవే. ఇగ అడగ" అన్నడు. నేను మజ్జిగ ఇచ్చిన. నా దిక్కు చూసిండు గానీ తాగలే. తెల్లారి ఆయన లేడు. గ్లాసులో మజ్జిగ మాత్రం అట్లనే ఉన్నది.

మాలో మూడో రోజు పిట్టకు పెడతరు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి కోసం చూస్తరు. కాకి ముడితే ఆయన మనసు నిండినట్టు. విస్తరిలో కూర పెట్టిన్రు, గారెలు పెట్టిన్రు. మా మరిది, "వదినా, ఒక బీరు తెప్పిస్త. మా అన్న పాణం దాని మీదనే ఉంటది" అన్నడు. "బతికినన్నాళ్లు తాగింది చాలదా?" అని నేనే అడ్డం పడ్డ. గ్లాసులో మజ్జిగ పోయించిన.

కాకులు వచ్చినయి. గోడ మీద కూసున్నయి. కిందికి దిగలే. ఎండ నడినెత్తికి వచ్చేదాక చూసి, ఆఖరికి ఆవుకు పెట్టి ఇంటికొచ్చినం. అందరూ నన్నే చూసిన్రు. కాకికి ఆకలి లేకపోతే నేనేం చెయ్యాలె అన్న. పైకి అట్ల అన్న గానీ, ఆయన మనసు నిండకనే పోయిండా అన్న మాట నా లోపల ముల్లు లెక్క ఉండిపోయింది. ఎవ్వరికీ చెప్పలే.

ఇప్పుడు తార్నాకలో కొడుకు ఫ్లాటులో ఉంటున్న. కొడుకూ కోడలూ ఆదివారమైనా సరే పొద్దున పోతే చీకటి పడ్డంక వస్తరు. చాయ పెట్టుకునేటప్పుడు చెయ్యి అలవాటుగ రెండు చెంచాల చాపత్తి తీస్తది. ఒక చెంచా మళ్ల డబ్బాలో పోస్త.

వాళ్ల బిడ్డ, నా మనుమరాలు స్రవంతి ఆ యూనివర్సిటీలోనే చదివి, తార్నాకలో కొత్తగ తెరిచిన ఒక బ్రూవరీలో నౌకరికి చేరింది. బీరు అక్కడనే కాచి, అక్కడనే అమ్ముతరు. ఆడపిల్లకు గదేం పని అని నెల రోజులు దానితో సరిగ మాట్లాడలే. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం అది వచ్చి నా కాళ్ల కాడ కూసున్నది.

"నాయినమ్మా, నా చేతితో చేసిన మొదటి బీరు ఇయ్యాల టేస్టింగ్‌లో పెడుతున్నరు. నువ్వు తాగకు, వాసన చూడు చాలు. తాత ఉంటే ముందు ఆయనకే పోసేదాన్ని."

ఆ ఆఖరి మాటకు లేచి చీర మార్చుకున్న.

మధ్యాహ్నం నాలుగు గంటలు. మంచి ఎండ, మంచి వెలుతురు. అద్దాల వెనుక నిలువెత్తు స్టీలు డ్రమ్ములు. అంతా పడుచు పిల్లలే. ఎవరి నవ్వులు వాళ్లవి. తెల్లజుట్టు నాదొక్కదే. పెళ్లికి వచ్చిన తెలియని చుట్టం లెక్క మూల బల్ల కాడ కూసున్న. చెక్క పలక మీద నాలుగు చిన్న గ్లాసులు, ఒక గిన్నెలో ఉడికిన పల్లీకాయలు పెట్టి పోయిన్రు. మూడోది స్రవంతి చేసిన బీరు, గోధుమలదంట.

నా ఎదురుగ ఒక కుర్చీ ఖాళీగ ఉన్నది. ఒక పిల్ల వచ్చి, "ఆంటీ, ఇక్కడ ఎవరన్నా ఉన్నరా?" అని కుర్చీ మీద చెయ్యి వేసింది.

"ఉన్నడు" అన్న. ఎందుకన్ననో తెల్వదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల సారీ చెప్పి పక్క బల్ల కాడికి పోయింది.

నేను తాగను. పారబోసుడు నాకు చేతకాదు. స్రవంతి చేసిన గ్లాసును ఖాళీ కుర్చీ దిక్కు జరిపి, "అప్పుడు ఇయ్యలే. మనుమరాలు చేసింది, తాగు" అని మనసులో అనుకున్న. అంతలో స్రవంతి వచ్చి, "రా, డ్రమ్ములు చూపిస్త" అని చెయ్యి పట్టుకొని తీసుకపోయింది. పది నిమిషాలు ఉండొచ్చు. అంతసేపూ అది నా పక్కనే ఉన్నది.

తిరిగొచ్చి చూస్తే పలక మీద మూడు గ్లాసులు నిండుగ, పోసినట్టే ఉన్నయి. స్రవంతి చేసిన బీరు గ్లాసు ఖాళీ కుర్చీ ముందట బోర్లించి ఉన్నది. దాని కింద కాయితం రుమాలు, నాలుగు మడతలు.

తాగినోళ్లు ఎవరో అట్ల పెట్టి ఉంటరు అనుకున్న. కూసుందామని కుర్చీ జరిపిన. అప్పుడు చూసిన. నేను కూసున్న దిక్కు, బల్ల మీద పల్లీ గింజలు. ఆరు జతలు. ఒక్క గింజకు కూడా ఎర్రపొట్టు లేదు. పొట్టంతా అవతల, గ్లాసు పక్కన కుప్పగ ఉన్నది.

పక్క బల్ల కాడ ఇద్దరు ఆడపిల్లలు మేము పోకముందు నుంచీ కూసున్నరు. వాళ్లను అడిగిన. "ఎవ్వరూ రాలేదు ఆంటీ. మనిషి ఉన్నడని మీరే అన్నరు కద, ఇంకా రాలేదేందని చూస్తున్నం" అన్నరు. స్రవంతి లోపలికి పోయి కెమెరా సంగతి అడిగింది. కెమెరా బీరు పోసే దిక్కే ఉన్నదంట, మా మూలకు లేదు.

"నువ్వే ఒలిచి మర్చిపోయినవేమో నాయినమ్మా" అన్నది. నా వేళ్లు చాపి చూపించిన. దాని కండ్లల్లో నీళ్లు తిరిగినయి.

మిగతా మూడు గ్లాసులు వాపసు తీసుకోమన్న. గింజలను కొంగుకు ముడేసుకొని ఇంటికొచ్చిన. కొడుకూ కోడలూ ఇంకా రాలే. వంటింట్లో నిలబడి జతకు జత తిన్న. ఉడికిన పల్లీల రుచే, వేరే ఏమీ లేదు.

ఎవరు ఒలిచిన్రో నాకు ఇప్పటికీ తెల్వదు. ఆయన మనసు నిండిందో లేదో అది కూడా తెల్వదు. నేను చూసింది చూసినట్టు రాసిన. ఆయన ఉన్నన్నాళ్లు ఆ గింజలు తిట్టకుండ ఒక్కనాడు తినలే. ఆ దినం పన్నెండు గింజలూ ఒక్క మాట అనకుండ తిన్న.